అరవై రెండు కేజీల బావమరిది

"ఈ సరస్సు చుట్టూ ఉన్న జనంలో అసూయంటే ఏమిటో తెలియనివాణ్ణి నేనొక్కణ్ణే," అని చిన్నోడు ఆ పొద్దున టీ గ్లాసు పైకెత్తి మరీ ప్రకటించాడు. "మీసం వచ్చినప్పటి నుంచి అరవై రెండు కేజీలు. వంద గ్రాములు అటూ ఇటూ అయింది లేదు. కావాలంటే కాటా తెప్పించండి."

సరిగ్గా అప్పుడే వాళ్ళ బావ వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ వచ్చి, "కుళాయి కారడం ఆగింది," అన్నాడు. అది చిన్నోడు అంతకుముందు మూడుసార్లు బాగుచేసిన కుళాయి. బావ మాట పూర్తయిందో లేదో, చిన్నోడి కిందున్న ప్లాస్టిక్ కుర్చీ నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి చాపుకుని పడుకుంది.

అక్క తలెత్తి కూడా చూడలేదు. "ఈ నెల్లో ఇది మూడోది," అంది.

"నాసిరకం కుర్చీలు," అన్నాడు చిన్నోడు నేలమీద నుంచి, టీ ఒలకనందుకు కాస్త గర్వపడుతూ.

ఇందులో వింతేమీ లేదు. ఆ ఊళ్ళో అసూయకి బరువుంటుంది, అంతే. అందుకే పెళ్ళిళ్ళకి ఇనప కుర్చీలే వేస్తారు. తోటికోడళ్ళిద్దరిని ఒకే ఉయ్యాల బల్ల మీద కూర్చోనివ్వరు. అవతలి ఒడ్డున ఉన్న ఆసుపత్రిలో ప్రమోషన్ల జాబితా అంటించిన రోజు లిఫ్టు ఆపేసి, డాక్టర్ల దగ్గర నుంచి అందరినీ మెట్లెక్కిస్తారు. ఎవరి బరువు వాళ్ళకి తెలుసు, ఎదుటివాళ్ళ బరువు ఇంకా బాగా తెలుసు. మర్యాదస్తులు పైకి అనరు.

ఆ ఆసుపత్రి నర్సులని రోజూ ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి చేరవేసేది చిన్నోడి వాళ్ళ పడవే. అల్యూమినియం పడవ. చిన్నోడి కన్నా నాలుగేళ్ళు పెద్దది, చిన్నోడి కన్నా తక్కువ మాట్లాడుతుంది. ముప్ఫై ఏళ్ళు దాని వెనక కూర్చుని మోటారు హ్యాండిల్ పట్టుకున్నది నాన్న. ఆయన భుజం ఈ మధ్య మొరాయించింది. తాడు లాగి మోటారు స్టార్ట్ చెయ్యడం ఇక కుదరదని డాక్టరు చెప్పేశాడు. హ్యాండిల్ ఇంకొకరి చేతికి పోవాలి. కొడుకా, అల్లుడా అన్నదే ఆ ఇంట్లో ఎవరూ పైకి మాట్లాడని సంగతి.

బావ చెడ్డవాడైతే బాగుండేది. చిన్నోడు ఆరేళ్ళుగా ఎదురుచూస్తున్నాడు, ఒక్క లోపమైనా దొరక్కపోతుందా అని. దొరకలేదు. బావ మేకు కొడితే వంగదు, తాడు ముడేస్తే జారదు, జోకు వేస్తే నవ్వొస్తుంది. గురక కూడా పెట్టడని అక్క చెప్పిన రోజు చిన్నోడి మంచం పట్టె విరిగింది.

ఆ వారంలోనే పాత మోటారు చచ్చిపోయింది. బావ కొత్తది తెచ్చాడు. పాతదాని కన్నా పద్దెనిమిది కేజీలు ఎక్కువ. పడవ వెనక, మోటారు తగిలించే నిలువు పలక ఉంటుంది, దాన్ని ట్రాన్సమ్ అంటారు. బావ మోటారుని ఆ పలకకి బిగించి తాడు లాగాడు. ఒక్క లాగుకే స్టార్టయింది. రేవులో నిలబడి చూస్తున్న నాన్న, "బాగుంది," అన్నాడు.

ఆ మాట విలువ తెలియాలంటే నాన్న సంగతి తెలియాలి. చిన్నోడు పుట్టాక ఆయన నోట "బాగుంది" అన్న మాట రెండుసార్లు వినబడింది. ఒకసారి వానని చూసి, ఒకసారి కొత్త కళ్ళజోడు పెట్టుకుని.

ఆ సాయంత్రం అందరూ ఇంటికెళ్ళాక, తాడు కట్టడానికని చిన్నోడొక్కడే పడవలో ఉండిపోయాడు. కాసేపు పలక అంచుమీద కూర్చుని ఆ ఒక్క మాటనీ మనసులో తిప్పి తిప్పి చూసుకున్నాడు. ఫట్‌మని శబ్దమైంది. పలక ఈ చివర నుంచి ఆ చివరికి పగిలింది.

ఇంటికి పరుగెత్తుకొచ్చి అతను చెప్పింది ఒక్కటే మాట. "బరువుకి విరిగింది."

నిజమే చెప్పాడు. ఎవరి బరువో చెప్పలేదు. అందరూ మోటారు వైపు చూశారు, తర్వాత మోటారు తెచ్చినవాడి వైపు. నాన్న, "పడవ విరగ్గొట్టినవాడి చేతికి హ్యాండిల్ ఇవ్వను," అన్నాడు. "చిన్నోడు తీసుకుంటాడు. ముందు పలక బాగుచెయ్యండి. పదిహేను రోజుల్లో తనిఖీ ఉంది. తప్పితే నర్సుల ట్రిప్పు పక్క రేవు పడవకి పోతుంది."

హ్యాండిల్ వచ్చేసింది. చిన్నోడు తేలికపడాలి న్యాయంగా. కానీ బావ ఒక్క మాట అయినా వాదించకుండా వెళ్ళి పలక నట్లు విప్పుతుంటే, నింద కూడా అంత అందంగా మోస్తున్నాడే అని వీడికి కడుపు మండిపోయింది. ఆ రాత్రి అతను నేలమీద పడుకున్నాడు. మంచాలు ఖరీదు కదా.

మర్నాడు పాత పలక ఊడదీశారు. బయటి అల్యూమినియం రేకు బాగానే ఉంది, లోపలి చెక్కే మెత్తబడిపోయింది. ఎప్పుడో కొట్టిన మేకుల కన్నాల్లోంచి ఏళ్ళ తరబడి నీళ్ళు దిగాయి. బావ స్క్రూడ్రైవరు గుచ్చితే టీలో ముంచిన బిస్కెట్టులోకి దిగినట్టు దిగింది.

"ఎలాగూ పోయేదే," అన్నాడు బావ. "ఇవాళ కాకపోతే రేపు."

"అదే నేనూ అంటున్నా," అన్నాడు చిన్నోడు, చాలా త్వరగా.

ప్లైవుడ్ షాపావిడ చెవిమీద పెన్సిలు పెట్టుకుని, చెక్క ముక్కల మధ్య పిల్లల మధ్య టీచరులా తిరుగుతుంటుంది. ఏ చెక్క ఎక్కడ అల్లరి చేస్తుందో ఆవిడకి తెలుసు.

"పడవకా? మామూలు ప్లై అడక్కండి, ఆర్నెల్లలో పొరలు పొరలుగా పువ్వులా విచ్చుకుంటుంది," అంది. "మెరైన్ ప్లై ఉంది. పొరల మధ్య సందులుండవు, జిగురు నీళ్ళకి లొంగదు. ఖరీదు మాత్రం కూర్చుని వినండి."

బావ మెరైన్ ప్లై అంచుని కళ్ళకి దగ్గరగా పెట్టుకుని పొరలు లెక్కపెట్టాడు. వేలితో తట్టి విన్నాడు. "పద్దెనిమిది మిల్లీమీటర్లవి రెండు అతికిస్తే పాత మందం వచ్చేస్తుంది. చుట్టూ ఎపాక్సీ జిగురు పూస్తే ఇంక చూసుకోనక్కర్లేదు."

అంతే, చిన్నోడి కంటికి మెరైన్ ప్లై తప్ప షాపులో ప్రతి చెక్కా అందంగా కనిపించడం మొదలుపెట్టింది.

"టేకు దుంగలోంచి ఒకే పలక తీయిస్తే?"

"మోటారు అదురుకి బోల్టు గీత వెంబడే చీలుతుందోయ్," అన్నాడు బావ.

"ఈ ప్లాస్టిక్ పలక? జన్మలో చివకదు."

షాపావిడ పలకకి ఒక క్లాంపు బిగించి చూపించింది. పలక బుంగమూతి పెట్టినట్టు వంగింది. "చివకదు, నిజమే. నిలబడదు కూడా. మోటారు ఊగే పన్నులా ఉంటుంది. పైగా దీనికి ఏ జిగురూ అంటదు."

అప్పుడు చిన్నోడి కళ్ళు మూలనున్న ఆకుపచ్చ చెక్కల మీద పడ్డాయి. మందు పట్టించిన చెక్క. కంచె గుంజలకి వాడతారు. చెద పట్టదు, ఇరవై ఏళ్ళ గ్యారంటీ అని చీటీ అంటించి ఉంది.

"ఇదే," అన్నాడు. "ఇరవై ఏళ్ళు. రాసి ఉంది."

బావ ఆగాడు. "అందులో పట్టించేది రాగి మందు కదా. రాగీ అల్యూమినియమూ ఒకదాని పక్కన ఒకటి తడిలో ఉంటే..."

"ఉంటే ఏమవుతుంది? పోట్లాడుకుంటాయా?"

"రాగి తింటుంది. అల్యూమినియం తినబడుతుంది."

"చూశావా నువ్వు?"

"చూళ్ళేదు. విన్నాను."

"విన్నదానికి ఇంత పెద్ద పడవ పణం పెడదామంటావేంటి బావా? ఇంతకీ హ్యాండిల్ ఎవరిది?"

ఆ మాట అన్నాక చిన్నోడు నిలబడ్డచోట గచ్చు కిర్రుమంది. షాపావిడ మర్యాదస్తురాలు. పెన్సిలు తీసి ఏదో రాసుకుంటున్నట్టు పక్కకి తిరిగింది.

తగువు తేల్చడానికి చిన్నోడే పరీక్ష పెట్టాడు. రెండు డబ్బాల్లో ఉప్పునీళ్ళు పోసి, పడవకున్న రకం అల్యూమినియం రేకు ముక్కల్ని ఒకదాంట్లో బావ ప్లైకి, ఇంకోదాంట్లో తన ఆకుపచ్చ చెక్కకి బిగించి ముంచాడు. మెట్లమీద పెట్టి, ఎవరూ ముట్టుకోకూడదని చాక్‌పీసుతో గీత గీశాడు. తనొక్కడే గంటకోసారి వెళ్ళి మూత తీసి చూసి వచ్చేవాడు. ఆకుపచ్చ డబ్బా దగ్గర, "తమ్ముడూ, పరువు నిలబెట్టు," అని చిన్నగా అనేవాడని అక్క తర్వాత చెప్పింది.

అయిదో రోజు డబ్బాలు తెరిచారు. ప్లైకి బిగించిన రేకు నిన్న కోసినట్టుంది. ఆకుపచ్చ చెక్క నుంచి ఊడదీసిన రేకుమీద తెల్లటి పొడి, పొడి తుడిస్తే కింద సూదులతో పొడిచినట్టు గుంటలు. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే ఒక గుంటలోంచి నాన్న కన్ను కనిపించింది.

చిన్నోడు బావ నవ్వుతాడని ఎదురుచూశాడు. నవ్వితే కాస్త పోట్లాడుకోవచ్చు. బావ మాత్రం రేకుని జాగ్రత్తగా కాగితంలో చుట్టి, "మంచి పని చేశావోయ్. నేను విన్నదే గానీ చూడ్డం ఇదే," అన్నాడు. "బోల్టుల సంగతి నువ్వు చూడు. ఉక్కు బోల్టు కూడా అల్యూమినియానికి నేరుగా తగలకూడదు."

చిన్నోడు తడబడుతూ మెట్లు దిగితే రెండో మెట్టు కుంగింది.

అయినా బోల్టుల పని మాత్రం బాగా చేశాడు. కోపంతో చేసిన పని కొందరికి బాగా కుదురుతుంది. బావ రెండు ప్లై ముక్కలు అతికించి, ఇరవై క్లాంపులు బిగించి, మూడు పూతలు ఎపాక్సీ పూశాడు. చిన్నోడు ఒక్కో బోల్టు కన్నాన్నీ వెడల్పుగా తొలిచి, ఎపాక్సీతో నింపి, గట్టిపడ్డాక దాని మధ్యలో మళ్ళీ సన్నగా తొలిచాడు, లోపలి చెక్కకి నీటి చుక్క తగలకుండా. ప్రతి బోల్టుకీ రెండు వైపులా రబ్బరు వాషర్లు. పద్నాలుగు బోల్టులు. ఒక్కదాని దగ్గర కూడా బావని సలహా అడగలేదు. బావ వచ్చి చూసి ఏమీ అనకుండా వెళ్ళిపోతే, ఏదో ఒకటి అనొచ్చుగా అని మళ్ళీ మండింది.

తనిఖీ రోజు ఇన్‌స్పెక్టరమ్మ గొడుగు పట్టుకుని వచ్చింది. పలక కొట్టి చూసింది, వంగి చూసింది. అంతా సరిపోయింది. "ఇక బరువు పరీక్ష," అంది. "పలక మీద రెండొందల కేజీలు పది నిమిషాలు నిలవాలి. ఇసక బస్తాలేవీ?"

బస్తాలు ఆఫీసువే. నిన్న పక్క రేవు వాళ్ళు పట్టుకెళ్ళారు. తిరిగి ఇవ్వలేదు.

"అయితే వచ్చే నెల చూద్దాం," అని ఆవిడ కాగితం మడిచింది.

వచ్చే నెలంటే నర్సుల ట్రిప్పు ఉండదు. రేవులో నర్సులు కూడా నిలబడి వింటున్నారు. నాన్న భుజం పట్టుకుని ఒక రాతిమీద కూర్చుండిపోయాడు. అక్క సరస్సు వైపు తిరిగింది. బావ, "మనుషులని ఎక్కించొచ్చా మేడమ్?" అని అడిగాడు.

"పలక అంచుమీద ఒక్కరికి మించి పట్టరండీ. రెండొందల కేజీల మనిషి ఉంటే ఎక్కించండి."

చిన్నోడు అందరినీ చూశాడు. తర్వాత చేపలు తూచే కాటా వైపు చూశాడు. జీవితంలో మొదటిసారి అతనికి చెప్పుకోదగ్గది ఏదీ తోచలేదు.

"నేనెక్కుతాను," అన్నాడు.

"నువ్వు అరవై రెండేగా?" అంది అక్క.

"బావా," అన్నాడు చిన్నోడు కాటా ఎక్కి, కళ్ళు మూసుకుని. "మోటారు ఒకసారి స్టార్ట్ చెయ్యి."

బావ పలకకి తగిలించిన మోటారు తాడు లాగాడు. ఒక్క లాగుకే స్టార్టయింది. కాటా ముల్లు అరవై రెండు దాటి తొంభై మీద ఆగింది.

అక్కకి అర్థమైంది. గొంతు సవరించుకుంది. "మా ఆయన నిన్న గోడ గడియారం కూడా బాగుచేశాడు," అంది. నూట పది. "పెళ్ళయిన ఆరేళ్ళలో నాతో ఒక్కసారి గొంతు పెంచి మాట్లాడలేదు." నూట ముప్ఫై. ఒక నర్సు ముందుకొచ్చి, "పోయిన వానల్లో మా చెప్పు నీళ్ళలో పడితే దూకి తెచ్చిచ్చాడండీ," అంది. నూట అరవై రెండు. బావ సిగ్గుతో మోటారు వైపు తిరిగిపోయాడు. ఆ సిగ్గుపడటం చూసి ఇంకో పదిహేను పెరిగింది. నూట డెబ్భై ఏడు దగ్గర ముల్లు నిలిచిపోయింది.

ఇక ఎవరికీ ఏమీ తోచలేదు. రేవంతా ముల్లు వైపే చూస్తోంది.

నాన్న రాతిమీద నుంచి మెల్లగా లేచాడు. కొత్త పలక వైపు చూశాడు, అల్లుడి వైపు చూశాడు. ఆయన పరీక్ష కోసం అన్నాడో, నిజంగానే అనిపించి అన్నాడో ఇప్పటికీ తెలియదు. "బాగుంది," అన్నాడు.

ముల్లు రెండొందల పదకొండు కొట్టింది.

"ఎక్కించండి," అంది ఇన్‌స్పెక్టరమ్మ, వాచీ చూసుకుంటూ.

చిన్నోడు వెళ్ళి పలక అంచుమీద కూర్చున్నాడు. పడవ వెనక భాగం జానెడు లోతుకి దిగింది, ముక్కు గాల్లోకి లేచింది. పలక మాత్రం చప్పుడు చెయ్యలేదు. మూడు నిమిషాలు. అయిదు. చిన్నోడి కింద బావ అతికించిన చెక్క రాయిలా ఉంది. చుట్టూ తను బిగించిన బోల్టులు ఒక్కటీ కదలలేదు. పాత పలక ఫట్‌మన్న చోటే ఇది. నిజం చెప్పెయ్యాలనిపించింది. ఇప్పుడు చెప్పేస్తే తేలికైపోతాడు. తేలికైపోతే పరీక్ష పోతుంది. అందుకని పళ్ళు బిగపట్టి, బావ గురక పెట్టడన్న సంగతి గుర్తు తెచ్చుకుంటూ కూర్చున్నాడు.

"పది," అంది ఇన్‌స్పెక్టరమ్మ. సంతకం పెట్టింది.

"ఆ రోజు పలక విరిగింది మోటారు వల్ల కాదు," అన్నాడు చిన్నోడు. "నేను కూర్చుంటే విరిగింది. ఆ రోజు కూడా నాన్న బాగుందన్నాడు."

అతను చెబుతుండగానే పడవ వెనక భాగం నీళ్ళలోంచి మెల్లగా పైకి తేలింది.

ఎవరూ తిట్టలేదు. నాన్న పడవలోకి దిగి, హ్యాండిల్ మీద చెయ్యి వేసి, "అల్లుడూ, ఇలా వచ్చి కూర్చో," అన్నాడు. తర్వాత వంగి బోల్టుల చుట్టూ వేలు తిప్పి చూశాడు. "ఈ వాషర్లు ఎవరు వేశారు?"

"నేనే."

నాన్న ఇంకోసారి వేలు తిప్పాడు. "నీళ్ళు రావు," అన్నాడు.

అది మెచ్చుకోలో కాదో తేల్చుకోవడానికి చిన్నోడికి వారం పట్టింది.

హ్యాండిల్ బావది అయింది. ఒక చిక్కు మాత్రం మిగిలింది. కొత్త మోటారు బరువుకి పడవ వేగమందుకోగానే ముక్కు పైకి లేచేది. నర్సులంతా వెనక్కి జారి ఒకరి ఒళ్ళో ఒకరు పడేవాళ్ళు. ముక్కు దగ్గర గట్టి బరువుండాలి. అలాంటి బరువు ఆ ఇంట్లో ఒకటే ఉంది. నాన్న చిన్నోణ్ణి ముందు సీటులో, వెనక్కి తిరిగి, బావ హ్యాండిల్ పట్టుకోవడం బాగా కనిపించేలా కూర్చోబెట్టాడు. అప్పటి నుంచి ఆ పడవ సరస్సుమీద బల్లపరుపుగా వెళ్ళింది. రేవులో అలాంటి ఉద్యోగం ఇంకెవరికీ లేదు. చిన్నోడు దాని గురించి కూడా కోతలు కోశాడు.

వానలు వెళ్ళాక ఒక పొద్దున, రంగు వెయ్యాలి, ముందు సీటు ఊడదీద్దామన్నాడు బావ.

"వద్దు," అన్నాడు చిన్నోడు.

"పొట్టు లేచిపోయిందోయ్."

"పొట్టు బాగానే ఉంది. వెనక సీటుకి వేసుకో."

"ఒక్క అయిదు నిమిషాలు లే."

చిన్నోడు లేవలేదు. సీటుని రెండు చేతులా పట్టుకున్నాడు. బావ వంగి మొదటి స్క్రూ మీద స్క్రూడ్రైవరు పెట్టాడు. చిన్నోడు లేచి పక్కకి జరిగాడు.

సీటు కింద నాలుగు ఇసక బస్తాలున్నాయి. మూతులు అక్క చేతి కుట్టే.

"రెండు నెలలైంది బావా," అన్నాడు చిన్నోడు, నీళ్ళ వైపు చూస్తూ. "కాటా ఎక్కి చూసుకున్నా. అరవై రెండే. నాన్నకి చెప్పకు, ఈ సీటు పోతుంది. రోజూ పొద్దున్నే నీ వైపు గుడ్లప్పగించి చూస్తూనే ఉన్నా, ఎంత కుళ్ళుకుందామన్నా రావట్లేదు." సీటు మీద లేచిన పొట్టు గోటితో గీకాడు. "నువ్వలా నడుపుతుంటే... చూడ్డానికి బాగుంటోంది."